పెడల్ మీద కాలు

మార్చి 8, శనివారం

కొత్త పడవ వచ్చింది. ప్రభువుకు స్తోత్రం.

ఇరవై అడుగుల పొడవు. ఎర్ర రంగు, ఆ ఎరుపులో వెండి రజను కలిపినట్టు మెరుపు. వెనక రెండువందల యాభై గుర్రాల ఇంజన్. ఫరో ఆరువందల రథాలు కట్టుకుని వెంటపడ్డాడు గానీ ఇలాంటిది ఒక్కటుంటే ఎర్రసముద్రం దాటేవాడే.

పాత రేకు పడవ ఇన్నేళ్ళూ నమ్మకంగా మోసింది. ఇంజన్ బిగించే చెక్క పుచ్చిపోయి, పోయిన శీతాకాలం ఇక నావల్ల కాదంది.

ట్రైలర్ ఇంకా ఆగకముందే నా భార్య ఇమోజీన్ వాకిట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మన చర్చి కంటే పొడుగుందే ఇది. ఎక్కడ పెడతావు థర్మన్, నా చిక్కుడు పాదుల మీదా?"

ఆమె తమ్ముడు డెల్మర్ మాత్రం యెరికో గోడ చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. వాడికి మీసాలు రాకముందు నుంచీ ఈ సరస్సులో ఇద్దరం ఒకే పడవలో చేపలు పడుతున్నాం.

"బావా, ఇది చేపల్ని పట్టడానికా, బెదరగొట్టి ఒడ్డెక్కించడానికా?"

"నోర్ముయ్యరా. కళ్ళు మూసుకో, ప్రార్థన చేస్తున్నా."

పడవ ముక్కు మీద చెయ్యి పెట్టి ప్రభువుకు ప్రతిష్ఠించాను. డెల్మర్ ఆమేన్ అన్నాడు. అంటూనే ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. చెవి పట్టుకుని దింపాను.

మార్చి 10, సోమవారం

నీళ్ళలోకి దించాం.

పాత పడవలో వేగం నా అరచేతిలో ఉండేది. ఇంజన్ కర్ర తిప్పితే పోయేది, వదిలితే ఆగేది. ఇందులో కారుకున్నట్టు కుడి కాలి కింద పెడల్. ఈ వేగంలో రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలట.

తొక్కాను. ముక్కు ఆకాశానికి లేచింది. ఎదర ఏముందో కనపడదు, ఎర్ర గోడ ఒక్కటే. యెహెజ్కేలు చూసిన రథం ఇలాగే లేచి ఉంటుంది అనుకునేలోపే దబ్బున కిందికి దిగి నీళ్ళ మీద బల్లపరుపుగా పరుగు తీసింది. అంతవరకూ హాయి. వేగం అరవై మైళ్ళు దాటాక పడవ మొత్తం నీళ్ళలోంచి లేచిపోయి, అడుగున జానెడు వెడల్పు పట్టీ మీద మాత్రమే నిలబడింది. అప్పుడు మొదలైంది. కుడికి ఒరిగి, ఎడమకి ఒరిగి, మళ్ళీ కుడికి. ప్రతి ఒరుగూ ముందుదాని కంటే ఎక్కువ. మా చేపల క్లబ్బువాళ్ళు దీన్ని 'నడక' అంటారు. తాగినవాడు ఇంటికి నడిచినట్టు నడిచింది.

"స్టీరింగ్‌తో పట్టుకో బావా! కొంచెం, కొంచెం! కాలు కదపకు!"

నేను కాలు తీసేశాను. తీసేశాననే అనుకున్నాను. పడవ మాత్రం ఇంకాసేపు అలాగే ఊగుతూ పోయి, తర్వాత ఒక్కసారిగా కూలబడింది. వెనక నుంచి మా అలే మమ్మల్ని తరుముకుంటూ వచ్చి వీపు మీద పడింది.

డెల్మర్ టోపీ పిండుకుంటూ "నాకు రెండో బాప్తిస్మం అవసరం లేదు బావా, మొదటిది పనిచేస్తోంది" అన్నాడు.

పెడల్‌లో ఏదో లోపం ఉంది. కాలు తీసినా వెంటనే పైకి రావడం లేదు.

మార్చి 11, మంగళవారం

కుడి కాలికి తిమ్మిరి. బూట్లు బిగుతు.

మార్చి 15, శనివారం

పడవ రాండల్ షెడ్డుకి తీసుకెళ్ళాను. రాండల్ మా చర్చివాడే, వెనక వరసలో కూర్చుంటాడు, నా ప్రసంగం రెండో భాగంలో నిద్రపోతాడు. పెడల్ చేత్తో నొక్కి వదిలాడు. మళ్ళీ నొక్కి వదిలాడు. చిటికె వేసినట్టు పైకి వస్తోంది.

"బంగారంలా ఉంది బ్రదర్ థర్మన్."

"నీళ్ళ మీద అలా లేదయ్యా."

"మీ బూట్లు చూడండి, ఏనుగు పాదాల్లా ఉన్నాయి. అడుగు పలచగా ఉండే గుడ్డ బూట్లు వేసుకోండి. పెడల్ కాలికి తెలియాలి."

సరే అన్నాను. యంత్రాలు బాగుచేసేవాళ్ళకి యంత్రం మీద నింద పడటం ఇష్టముండదు.

మార్చి 18, మంగళవారం

గుడ్డ బూట్లు. తేడా లేదు. లోపం పెడల్‌లోనే.

మార్చి 23, ఆదివారం

ఈ ఉదయం ఆత్మ నన్ను గట్టిగా పట్టుకుంది. బిలాము గాడిద మీద ప్రసంగించాను. ఏ బైబిల్ కాలేజీ గడపా తొక్కనివాణ్ణి, ప్రొపేన్ గ్యాస్ ట్యాంకర్ నడుపుకున్నవాణ్ణి. కానీ నా పుస్తకం నాకు తెలుసు. గాడిద దారి తప్పింది. గాడిద గోడకు ఒరుసుకుంది. గాడిద కూలబడింది. ప్రవక్త కర్ర తీసుకుని బాదాడు. బల్ల గుద్ది అడిగాను: "తప్పు గాడిదదా? దేవదూత కత్తి దూసి దారికి అడ్డంగా నిలబడితే గాడిదకు కనబడింది! కనబడనిది ఎవరికి? పైన కూర్చున్నవాడికి!" వెనక వరసలో రాండల్ కూడా కళ్ళు తెరిచాడు. పేకాట గురించీ, మా కౌంటీలో మద్యం అమ్మరని పొరుగు కౌంటీకి పోయి తాగి రావడం గురించీ చెప్పాను. ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది.

ఇంటికి వస్తుంటే ట్రక్కులో ఇమోజీన్ నా వైపు తిరిగింది.

"గాడిద సంగతి బాగా చెప్పావు థర్మన్."

"అది నాది కాదు, ఆత్మ చెప్పించింది."

"నువ్వు కూడా విన్నావా, మేమే విన్నామా?"

ఆడవాళ్ళ మాటలకి ఒక్కోసారి తలా తోకా ఉండదు.

మార్చి 29, శనివారం

ఉదయమంతా పడవలో ఎరల పెట్టె సర్దుకున్నాను. మధ్యాహ్నం వంటింట్లో మొక్కజొన్న రొట్టె తింటుంటే ఇమోజీన్ చెయ్యి గరిటెతో సహా గాల్లోనే ఆగిపోయింది.

"కదలకు."

నేల మీద ఎర్రటి మరకలు. వాకిలి నుంచి నా కుర్చీ దాకా. కుడి బూటు అడుగున మూడు కొక్కేల గాలం ఒకటి దిగబడి ఉంది. గుడ్డ బూటులోంచి, సాక్సులోంచి, లోపలికి. కొక్కెం మొదలు దాకా.

ఆమె కింద కూర్చుని కటింగ్ ప్లేయర్‌తో ముల్లు కత్తిరించి లాగింది. నేను రొట్టె తింటూనే ఉన్నాను. ఆమె తలెత్తి నా ముఖంలోకి చూసింది. అప్పుడు అరవాలని తట్టింది నాకు. అప్పటికే ఆలస్యమైంది.

"నొప్పి లేదా?"

"ఓర్చుకున్నాను."

"ఓర్చుకున్నావా? గోరు పక్కన చర్మం లేస్తే ప్రార్థన గుంపు మొత్తానికి ఫోన్ చేసే మనిషివి!"

ఏప్రిల్ 2, బుధవారం

నాకు షుగర్ ఉన్న మాట నిజమే. మా నాన్నకీ ఉండేది. ఇమోజీన్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. వద్దన్నాను. యూదా రాజు ఆసాకు ముసలితనంలో పాదాల జబ్బు వచ్చింది. ప్రభువును వదిలి వైద్యుల వెంట పడ్డాడు. ఏమైంది? పితరుల దగ్గరికి పోయాడు. ఇంత స్పష్టంగా రాసి ఉంది. పాదాలనే రాసి ఉంది.

"ఆసా దాకా ఎందుకు, లూకా ఏం పని చేసేవాడో చెప్పు" అంది ఇమోజీన్.

లూకా వైద్యుడే. దానికి జవాబు వెతుకుతున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

మంచి రోజు. రాసిపెట్టుకోవాల్సిన రోజు.

గాలి లేదు. సరస్సు అద్దం. సీడర్ వాగు కలిసే చోటు నుంచి పాత వంతెన దాకా డెబ్బై మైళ్ళ వేగం మీద పోయాం, నడక లేదు, ఊగుడు లేదు. ఒరుగు మొదలవుతున్నట్టు నడుముకు తెలియగానే స్టీరింగ్‌ని వేలెడు అటు, వేలెడు ఇటు. పసిపిల్ల తలను పట్టుకున్నట్టు. నీళ్ళు కిందనుంచి గుడ్డ చింపినట్టు చప్పుడు. నోరు తెరిచి స్తోత్రగీతం పాడాను, గాలి పాటను గొంతులోకే తోసేసింది. పక్క సీట్లో డెల్మర్ పిడి పట్టుకుని నవ్వుతున్నాడు. ఏలీయా అగ్నిరథం ఎక్కినప్పుడు చుట్టుపక్కల ఎవరున్నారో చూసుకోలేదు.

నేను కాలి వంక చూసుకుంటూ నడిపాను. అప్పుడప్పుడే. అలా చూసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

వాగులో ఆగి చేపలు పట్టాం. డెల్మర్ సాసేజ్ డబ్బా విప్పి, ఉప్పు బిస్కెట్ మీద ఒకటి పెట్టి నాకిచ్చాడు.

"బావా, ఒక మాట."

"చెప్పు."

"ఈ పెడల్ తీసేయించి చేతి లివర్ పెట్టించుకోరాదూ? రాండల్ సగం పూటలో చేస్తాడు. నీకు చేత్తో నడపడమే అలవాటు కదా, ఎప్పటినుంచో."

"ఎందుకు? నేను నడపడం బాలేదా?"

"బాలేదని ఎవరన్నారు?"

"క్లబ్బు పోటీకి వచ్చే ప్రతివాడి పడవలోనూ పెడలే ఉంది. నాకొక్కడికే ముసలివాళ్ళ లివరా?"

"ముసలివాళ్ళదని నేననలేదు."

"అన్నట్టే ఉంది."

వాడు బిస్కెట్ నములుతూ నీళ్ళ వంక చూశాడు. "సరేలే బావా. చేప తగిలినట్టుంది చూడు నీ గాలానికి."

తగల్లేదు.

ఏప్రిల్ 20, ఈస్టర్

ఒడ్డున సూర్యోదయ ఆరాధన. ఖాళీ సమాధి గురించి చెప్పాను. ఒక చెప్పు నీళ్ళ దగ్గరే వదిలేసి ఒంటి చెప్పుతో ట్రక్కు దాకా నడిచానట. ఇమోజీన్ తెచ్చి, ఏమీ అనకుండా నా ముందు పెట్టింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

మే 3, శనివారం

నడక లేదు. కాలి వంక చూసుకుంటే చాలు.

మే 10, శనివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

క్లబ్బు పోటీ. తెల్లవారుతుండగా పడవలన్నీ రేవులో గుమిగూడాయి. ఎప్పటిలాగే బయలుదేరే ముందు ప్రార్థన నాదే. మైకు పట్టుకున్నాను. మగవాళ్ళంతా టోపీలు తీశారు, ఇంజన్లు గుడగుడమంటున్నాయి. ప్రతి డ్రైవర్ చేతినీ నువ్వే పట్టుకో ప్రభువా అని అడిగాను. చేతులే అడిగాను.

తర్వాత జాతీయగీతం, తర్వాత వరసగా పేర్లు పిలుస్తూ పడవలు వదిలారు.

వాగు దాటి, సరస్సులో కలిసే నది మధ్యకు వచ్చేసరికి నైరుతి గాలి ప్రవాహానికి ఎదురు కొడుతోంది. అలలు నడుమెత్తు. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో గుంటలు. ఇలాంటి నీళ్ళలో ఈ పడవ నడపడానికి ఒకటే పద్ధతి. ముక్కు ఎత్తి ఉంచాలి, పెడల్ నిలకడగా తొక్కి ఉంచాలి, ఒక అల నెత్తి మీది నుంచి ఇంకో అల నెత్తి మీదికి పోవాలి. భయపడి కాలు తీస్తే ముక్కు దిగి గుంటలోకి పోతుంది. రోడ్డు మీద మనిషిని కాపాడేదే ఇక్కడ ముంచుతుంది. ఇదంతా నాకు తెలుసు. డెల్మర్‌కీ తెలుసు.

"కాలు తియ్యకు బావా. అలాగే ఉంచు. బాగా పోతోంది. అలాగే."

ఆ అలల్లో నేను కిందికి చూసుకోలేదు. ఎదర చూడాలి కదా. ఎదర చూడకుండా ఎవడు నడుపుతాడు.

నేను కాలు తీయలేదు.

ఇంజన్ హోరు తగ్గిపోయింది. ఎందుకో అర్థం కాలేదు. ముక్కు కిందికి వంగి, నేలలో పార దిగినట్టు ఎదుటి అలలోకి దిగింది. ఆకుపచ్చని నీళ్ళు ముక్కు మీదనుంచి మా ఛాతీల మీదికి వచ్చిపడ్డాయి. నేను స్టీరింగ్ పట్టుకుని ఉన్నాను. డెల్మర్‌కి చిన్న పిడి తప్ప ఏమీ లేదు. ముందుకు ఎగిరి, వెనక్కి పడ్డాడు. మొదట నవ్వుతున్నాడనుకున్నాను.

"బావా, నా మెడ ముట్టుకోకు. ఎవరినైనా పిలువు."

నేను కాలు తీయలేదు. ప్రభువు చూస్తుండగా రాస్తున్నాను. తీయలేదు.

మే 11, ఆదివారం

ప్రసంగం చేయలేదు. పాటలతో ముగించారు.

మే 13, మంగళవారం

ఆస్పత్రి. డెల్మర్ మెడలో ఎముక చిట్లింది. వెన్ను నరానికి తగల్లేదు. గడ్డం నుంచి గుండెల దాకా గట్టి ప్లాస్టిక్ పట్టీ బిగించారు. తల అటూ ఇటూ తిప్పలేడు, కిందికి వంచలేడు. మంచం చుట్టూ క్లబ్బువాళ్ళు నిలబడి ఉన్నారు. డెల్మర్ పైకప్పుతో మాట్లాడుతున్నట్టు చెబుతున్నాడు.

"పెద్ద విహారపు పడవ ఒకటి రా, మూడంతస్తులది, మమ్మల్ని దాటుకుని పోయింది. దాని అల వచ్చి నెత్తిన పడింది. బావ కాబట్టి నిలబెట్టాడు. ఇంకొకడైతే బోర్లా పడేవాళ్ళం."

ఏ పడవా దాటలేదు.

అందరూ నా భుజం తట్టారు. "దేవుడు మీతో ఉన్నాడు బ్రదర్ థర్మన్" అన్నారు. నేను వాళ్ళ బూట్ల వంక చూశాను. పెద్ద పడవ ఉండి ఉండొచ్చు. నీళ్ళు కళ్ళలో పడ్డాయి, నాకేం కనపడింది గనుక.

అందరూ పోయాక వాడిని అడుగుదామనుకున్నాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఇమోజీన్ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

మే 18, ఆదివారం

సాక్ష్యాల ఆరాధన. రాండల్ లేచి పెద్ద పడవ కథ చెప్పి, ప్రభువు తన సేవకుడి చేతులను ఎలా బలపరిచాడో చెప్పాడు. చప్పట్లు. నన్ను మాట్లాడమన్నారు. పేతురు నీళ్ళ మీద నడవడం గురించి మాట్లాడాను. మునిగే దాకా చెప్పి, అక్కడే బైబిల్ మూసి కూర్చున్నాను. అది ఆత్మ కదలిక అనుకుని ఆడవాళ్ళు ఏడ్చారు.

ఇమోజీన్ ఏడవలేదు.

మే 19, సోమవారం

పెడల్‌ని ఇంకోసారి చూపించాలి.

మే 24, శనివారం

ఇమోజీన్ డెల్మర్‌కి చికెన్ డంప్లింగ్స్ ఇవ్వడానికి పోయింది. పడవ వాకిట్లో ట్రైలర్ మీద ఉంది. ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. బూట్లు, సాక్సు విప్పాను. కళ్ళు మూసుకున్నాను. కుడి కాలు ఎత్తి పెడల్ మీద పెట్టాను. నొక్కాను. నొక్కి పట్టుకున్నాను.

కళ్ళు తెరిచాను. కాలు పెడల్ పక్కన ఉంది. పడవ నేల మీది తివాచీని నొక్కుతున్నాను.

ఎండ కళ్ళలో పడింది. మళ్ళీ చేయలేదు. ఒక్కసారి జరిగినదాన్ని బట్టి ఏదీ తేల్చకూడదు. గిద్యోను కూడా గొర్రెబొచ్చును రెండుసార్లు పరీక్షించాడు.

రెండోసారి చేశాను.

మే 28, బుధవారం

డాక్టర్. చిన్న వయసు మనిషి, నన్ను సర్ అంటాడు. గట్టి నైలాన్ దారం లాంటిది తీసుకుని పాదం మీద పొడిచాడు. నన్ను కళ్ళు మూసుకుని, తెలిసినప్పుడల్లా చెప్పమన్నాడు. చాలాసేపు ఎదురుచూశాను. ఎప్పుడు మొదలుపెడతావు అని అడిగాను. అయిపోయింది సర్ అన్నాడు.

షుగర్ నరాల్ని తినేసిందట. ఎడమ కాలు కూడా మొదలైంది. ఇక పాడవకుండా మందులున్నాయి. పోయింది తిరిగి రాదు. కారు నడుపుతారా అని అడిగాడు. పడవ గురించి అడగలేదు. నేను చెప్పలేదు.

మే 30, శుక్రవారం

సంఘపెద్దలను పిలవాలి. రోగి మీద చేతులుంచి, నూనె రాసి ప్రార్థించడానికి. ఎంతమందికి నేనే రాశాను. పిలిస్తే ఎందుకని అడుగుతారు.

నా నూనె సీసా నేనే తీశాను. కింద కూర్చుని నా పాదానికి నేనే రాసుకున్నాను. నా జీవితంలో అంత గట్టిగా ప్రార్థించలేదు. కేకలు పెట్టాను. యాకోబులాగా పట్టుకుని వదలనన్నాను.

నూనె చల్లదనం చేతికి తెలిసింది. కాలికి తెలియలేదు.

జూన్ 1, ఆదివారం

విశ్వాసం తక్కువైందనుకున్నాను. ఇదే మాట ఎంతమంది రోగుల ముఖాన అన్నానో. ఈ రోజు అనలేదు.

జూన్ 8, ఆదివారం

డెల్మర్ పట్టీతోనే చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తల తిప్పలేడు కాబట్టి పక్కవాళ్ళతో మాట్లాడాలంటే మనిషి మొత్తం తిరగాలి. పిల్లలు నవ్వుతున్నారు. వాడు కావాలని తిరుగుతున్నాడు వాళ్ళకోసం.

బయట నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఇంట్లో గోడలు చూసి పిచ్చెక్కుతోంది. నన్నొకసారి నీళ్ళ మీదికి తీసుకుపో. కుదుపు వద్దన్నారు, నిదానంగా వాగులోనే తిరుగుదాం. చేపలేం వద్దు."

లేదని ఎలా అంటాను. కాదు, అనొచ్చు. నోరు తెరిచి చెప్పొచ్చు. నోరే కదా నా పని.

"శనివారం" అన్నాను.

జూన్ 14, శనివారం

ఇది రాసి ముగిస్తాను.

ఇమోజీన్ ట్రక్కు వెనక్కి నడిపి పడవను నీళ్ళలోకి దించింది. ట్రైలర్‌తో ఒడ్డునే ఉంటానంది. డెల్మర్‌ని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం, గాజు దీపాన్ని ఎక్కించినట్టు. ఆమె తమ్ముడి లైఫ్ జాకెట్ బకిల్ తనే పెట్టింది. నా వైపు చూసింది. నా కాలి సంగతి వాడికి చెబుతాననుకుంది. నేను తాళం తిప్పాను.

గేరు వేస్తే పెడల్ తొక్కకపోయినా పడవ బాతులా మెల్లగా పోతుంది. అలాగే పోయాం. వాగులో తామరాకులు పరుచుకున్నాయి. కొంగలు. డెల్మర్ తిన్నగా ముందుకే చూస్తూ పెద్ద ఊపిరి పీల్చాడు.

"అబ్బ, బురద వాసన ఎంత బాగుంటుంది బావా."

"మీ అక్క వింటే నీకు స్నానం చేయిస్తుంది."

"ఆస్పత్రిలో నర్సు చేయించింది. మళ్ళీ పెళ్ళి చేసుకుందామనిపించింది."

నవ్వాం. వాడు నవ్వితే నొప్పి. "నవ్వించకు" అని వాడే మళ్ళీ నవ్వాడు.

మలుపు తిరిగాక గాలి ఎదురైంది. పెద్ద గాలి కాదు. కానీ బాతు నడకకు ఎదురు నిలిచేంత గాలి. పడవ ముందుకు పోవడం మానేసి పక్కకు జరుగుతోంది. కొంచెం వేగం కావాలి, ఎక్కువ కాదు, కొంచెం. కాలు పెట్టి తొక్కాను.

ఏమీ కాలేదు.

ఇంకొంచెం తొక్కాను. ఇంజన్ అదే గుడగుడ. ఈ తొక్కు తివాచీ మీదో, పెడల్ అంచు మీదో తెలియదు. ఇంకాస్త నొక్కితే కాలు జారి పెడల్ మీద పూర్తిగా పడుతుంది. రెండువందల యాభై గుర్రాలూ ఒక్కసారి లేస్తాయి. పక్కన ఆ మెడ.

కిందికి చూసుకోవచ్చు. చూసుకుంటే సరిపోయేది. ఎందుకు చూసుకోలేకపోయానో ప్రభువుకు తెలుసు, నాకు తెలియదు. ఇంజన్ ఆపేశాను. కాలు ఎక్కడుందో అక్కడే ఉంచాను.

"డెల్మర్."

"ఊ."

"నా కాలు పెడల్ మీద ఉందేమో చూసి చెప్పరా."

అడిగాక గుర్తొచ్చింది. ఆ పట్టీతో వాడు కిందికి వంగలేడు, పక్కకు తిరగలేడు. వాడు తిరగలేదు కూడా. తిన్నగా నీళ్ళ వంకే చూస్తూ చెప్పాడు.

"లేదు బావా."

ఒక చేప ఎక్కడో ఎగిరి పడింది.

"చాలాసార్లు ఉండదు" అన్నాడు.

నా నాలుక, బల్ల గుద్ది నాలుగు వరసలను వణికించే నాలుక, ఒక్క మాటే పలికింది.

"మరెందుకెక్కావురా ఇన్నిసార్లు నా పక్కన?"

"నువ్వు రమ్మన్నావు కదా."

వాడు కోపంతో అనలేదు. జాలితో అన్నా భరించేవాణ్ణేమో. మామూలుగా అన్నాడు, ఉప్పు బిస్కెట్ అందిస్తున్నట్టు. నా ఏడుపు నాకే వినిపించింది. వాడు చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టాడు. ఆ కుడి మోకాలి మీదే. మోకాలికి తెలిసింది. దాని కింద ఎక్కడో తెలియడం ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందో వెతుక్కుంటూ కూర్చున్నాను.

సీట్లు మారదామంటే వాడు తల తిప్పలేడు, పక్కల ఏముందో చూడలేడు, నడపలేడు. నేను మళ్ళీ తాళం తిప్పలేను. రాండల్‌కి ఫోన్ చేస్తే వస్తాడు. వచ్చి ఏమైందని అడుగుతాడు. ఫోన్ చేతిలోనే ఉంది.

గాలి మమ్మల్ని మెల్లగా తోసుకుపోతోంది. ఎర్ర పడవ, వెండి మెరుపు, మేమిద్దరం. మలుపు అవతల ఒడ్డు మీద ఇమోజీన్ ఉంటుంది, ట్రక్కు తలుపు తెరిచి, మా ఇంజన్ చప్పుడు ఆగిపోవడం వినే ఉంటుంది.

"గడ్డిలోకి పోతున్నాం బావా" అన్నాడు డెల్మర్.

"కనిపిస్తోంది."

"ప్రార్థన చేస్తావా?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

"పోనీలే" అన్నాడు వాడు. "గడ్డి తగులుకున్నాక అదే ఆగుతుంది."